పాట గద్దె దగ్గరికి పోతే

2025 ఆగస్టు 6, సాయంత్రం ఆరున్నర. పటాన్‌చెరులో పొద్దుటి నుంచీ ముసురు. ముంబై హైవే మీద లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి ఉన్నాయి. రోడ్డు పక్క టీ హోటల్లో ఒక పెద్దాయన చాయ్ పక్కన పెట్టి డప్పు కాపుతున్నాడు. పాత పేపరు మడిచి, పొయ్యిలో అంటించి, ఆ మంట మీద డప్పును మెల్లగా తిప్పుతున్నాడు. గాలిలో చెమ్మ ఉంటే తోలు సాగిపోతుంది, కొడితే మొద్దు చప్పుడే వస్తుంది. కాస్త సెగ తగిలాక గోటితో మీటి చూశాడు. బిగువు చాల్లేదు. ఇంకో పేపరు అంటించాడు. మూడోసారి మీటితే ఖంగుమంది. అప్పుడు గాని చాయ్ అందుకోలేదు.

"ఇప్పుడు కొట్టేది లేదు కదా చిన్నాయనా, ఎందుకు కాపుతున్నవ్?"

"మెత్తగ పండబెడితే పాడైతది బిడ్డా."

ఇద్దరూ ప్రజాగాయకుడు గద్దర్ రెండో వర్ధంతి సభ నుంచి వస్తున్నారు. పెద్దాయన ముప్పై ఏళ్లు ఈ చుట్టుపక్కల ఒక ఫౌండ్రీలో మౌల్డింగ్ పని చేసి రిటైరయ్యాడు. యూనియన్ సభ అంటే డప్పు ఆయనదే, మొదటి పాటా ఆయనదే. అడిగింది ఆయన అన్న కూతురు. సంగారెడ్డిలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతుంది. లాటిన్ అమెరికా చరిత్రంటే ఆమెకు ప్రాణం. సభలో ఒక వక్త "చివరికి పాట గెలిచింది" అన్నాడు. పెద్దాయనకు ఆ మాట గొంతు దిగలేదు.

"గెలిచిందట! తెల్లాపూర్ల విగ్రహం, ఆయన పేరు మీద సినిమా అవార్డులు. అవార్డు వద్దన్నోని పేరే అవార్డుకు పెట్టిన్రు. గద్దె దగ్గరికి పోయిన పాట మళ్ల వాడకు తిరిగిరాదు బిడ్డా."

ఆయన చెప్పింది ఉన్నదే. తెల్లాపూర్‌లో విగ్రహానికి ప్రభుత్వం 2024 జనవరిలో అనుమతి ఇచ్చింది. అదే నెల 31న, గద్దర్ జయంతి నాడు, నంది అవార్డుల స్థానంలో ఇకమీదట గద్దర్ పేరుతో అవార్డులు ఇస్తామని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి రవీంద్రభారతిలో ప్రకటించారు. 2025 జూన్ 14న హైటెక్స్‌లో వాటిని మొదటిసారి అందజేశారు. 1995లో 'ఒరేయ్ రిక్షా' సినిమా పాటకు నంది ప్రకటిస్తే తీసుకోనన్న మనిషి గద్దర్.

ఆమె ఒప్పుకోలేదు. "పాటను గద్దె దగ్గరికి ఎవరో ఎత్తుకపోలేదు చిన్నాయనా. ఆయనే నడిచిపోయిండు. 2018లో జీవితంలో మొదటిసారి ఓటేసిండు. 2023 జులై 2న ఖమ్మం సభలో రాహుల్ గాంధీని కౌగిలించుకున్నడు. నెల తిరిగేసరికి పోయిండు. ఆ ముచ్చట వదిలేసి విగ్రహం మీదనే కోపం చేస్తే ఎట్ల?"

"నడిచిపోయినోని వెన్నుల తూటా ఉండె."

1997 ఏప్రిల్ 6న అల్వాల్ దగ్గర ఇంటికొచ్చి గద్దర్‌ను కాల్చారు. తీస్తే ప్రాణానికే ముప్పని డాక్టర్లు ఒక తూటాను వెన్నులో అలాగే వదిలేశారు. దాంతోనే ఆయన ఇరవై ఆరేళ్లు ఆడి పాడాడు. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్ రావు ఈ ఉమ్మడి మెదక్ జిల్లా బిడ్డే గనుక పెద్దాయనకు ఆ తూటా ఇంటి మనిషికి తగిలినట్టే ఉంటుంది.

గద్దర్‌ను మొదటిసారి చూసిన రోజు గురించి ఆయన చెప్పుకొచ్చాడు. 1985 నుంచి గద్దర్ పాడే జననాట్యమండలి బహిరంగంగా ఆడలేని పరిస్థితి. ఆట, మాట, పాట బంద్ అనేవారు జనం. ఆ ఐదేళ్లూ పాట క్యాసెట్లలోనే బతికింది. ఒక టేప్‌రికార్డర్లో పాట పెట్టి, దాని ముందు ఇంకో టేప్‌రికార్డర్ ఉంచి, తలుపులు మూసి ఎక్కించుకునేవాళ్లు. పదో కాపీకి వచ్చేసరికి గద్దర్ గొంతు సన్నబడేది. మధ్యలో ఎవరి ఇంట్లోనో ఏడ్చిన పసిపిల్ల ఏడుపు కూడా పాటలో కలిసిపోయి, ఆ తర్వాతి కాపీలన్నిటిలోనూ వినపడేది. 1990 ఫిబ్రవరిలో గద్దర్ బయటికొచ్చాడు. 20వ తేదీన నిజాం కాలేజీ మైదానంలో సభ. సెకండ్ షిఫ్ట్ ఎగ్గొట్టి లారీ ఎక్కాడు ఈయన.

"ఆ గొంతు నిజంగ ఎట్లుంటదో ఆ దినమే ఇన్న. గోచి, గొంగడి, కాళ్లకు గజ్జెలు. క్యాసెట్ల ఇన్నది నీడ అనిపించింది."

"చిలీలో కూడా క్యాసెట్లే," అంది ఆమె. "నీ లెక్కనే తలుపులు మూసి ఎక్కించుకున్నరు."

పెద్దాయనకు చిలీ పాటగాడు విక్టర్ హారా పేరు తెలుసు. యూనియన్ తరగతుల్లో చెప్పేవారు. "చేతులు నరికి, ఇప్పుడు గిటార్ వాయించరా అన్నరట గదా."

"నరకలేదు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"తుపాకీ మడమలతో చేతులు చితగ్గొట్టిన్రు. నరికిన్రన్నది తర్వాత జనంలో పుట్టిన కథ. అసలు జరిగింది చాలదా, కథ ఎందుకు?" ఆమె క్లాసులో చెప్పినట్టే వరసగా చెప్పింది. చిలీలో అలెండే ప్రభుత్వాన్ని సైన్యం 1973 సెప్టెంబర్ 11న కూల్చింది. ఆ రోజు హారా తాను పనిచేసే సాంకేతిక విశ్వవిద్యాలయంలోనే ఉన్నాడు. మర్నాడు వేలమందితో పాటు ఆయన్నీ ఒక ఇండోర్ స్టేడియంలోకి తోలారు. 16న చంపేశారు. ఒంట్లో 44 తూటాలు. భార్య జోన్ రహస్యంగా పాతిపెట్టి, ఆయన పాటల టేపులతో దేశం దాటింది. బహిరంగంగా అంత్యక్రియలు జరిగింది 2009 డిసెంబర్‌లో, ముప్పై ఆరేళ్లకు. ఇప్పుడు ఆ స్టేడియం పేరే విక్టర్ హారా స్టేడియం. హత్య కేసులో ఏడుగురు మాజీ సైనికుల శిక్షలను అక్కడి సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో ఖాయం చేసింది.

"చూసినవా చిన్నాయనా? స్టేడియానికి పేరు పెట్టింది ప్రభుత్వం. హంతకులకు శిక్ష వేసింది ప్రభుత్వ కోర్టు. పాట పక్కన రాజ్యం నిలబడకపోతే ఆ ఏడుగురికి ఎన్నటికీ శిక్ష పడకపోవును. మన బెల్లి లలితను చూడు."

ఆ పేరు వినగానే ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. భువనగిరి దగ్గర స్పిన్నింగ్ మిల్లులో పనిచేసిన బెల్లి లలిత తెలంగాణ పాటల గొంతు. 1999 మే నెలలో ఆమెను చంపి, ఒళ్లు ముక్కలు చేసి బావుల్లో, చెరువుల్లో పడేశారు. పెద్దాయన ఆమెతో కలిసి ఒకసారి వేదిక ఎక్కాడు.

"లలితకు విగ్రహం వద్దంటవా?" ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"లలితకు కావాలె." ఆయన వెంటనే అన్నాడు. ఆ తర్వాత తేరుకుని, "విగ్రహం వేరు, పాట వేరు. సచ్చినోళ్లను తలుచుకొనుడు మంచిదే. బతికున్న పాటను జీతానికి పెట్టుకునుడు మంచిది కాదంటున్న నేను" అన్నాడు.

ఆయన మనసులో ఉన్నది తెలంగాణ సాంస్కృతిక సారథి. ఉద్యమం నాడు ధూంధాం వేదికల మీద పాడిన కళాకారులకు రాష్ట్రం వచ్చాక 550 ఉద్యోగాలు ఇచ్చారు. ఊరూరా తిరిగి ప్రభుత్వ పథకాల మీద పాడటం వాళ్ల పని. పెద్దాయనతో డప్పు నేర్చుకున్న కుర్రాళ్లలో కూడా ఒకరిద్దరికి ఇలాంటి కొలువులు దొరికాయి. "వాళ్ల కడుపు నిండింది, నాకు సంతోషమే. పెన్షన్ మీద పాడు అంటే పాడుతరు. పెన్షన్ రానోని మీద పాడు అంటే ఎట్ల పాడుతరు?"

దానికి ఆమె దగ్గర చిలీ జవాబే ఉంది. 1970లో అలెండే ఎన్నికల ప్రచారంలో పాటగాళ్లంతా ఆయనతో ఒకే వేదిక ఎక్కారు. పాటలు లేకుండా విప్లవం లేదని వాళ్ల వెనక బ్యానర్ కట్టారు. ఆయన గెలిచిన ఏడాదే ఇంతి ఇయిమానీ బృందం ఒక రికార్డు తెచ్చింది. దాని పేరుకు అర్థం కార్యక్రమ గీతం. కొత్త ప్రభుత్వం ఏమేం చేస్తానందో ఆ హామీలన్నిటికీ బాణీలు కట్టి పాడారు.

"మన సారథి లెక్కనే! పాడినోళ్లు అమ్ముడుపోయినోళ్లు కాదు. ఆ ప్రభుత్వం తమదనుకున్నరు గనుక పాడిన్రు. మూడేండ్లకు సైన్యం వస్తే, ఇటలీలో ఉన్న ఆ బృందం పదిహేనేండ్లు దేశం మొకం చూడలేదు."

పెద్దాయన ఒక్కటే అడిగాడు. "ఆ హామీల పాటలు ఇప్పుడెవలన్న పాడుతున్నరా?"

ఆమె ఆలోచించింది. 2019 అక్టోబర్‌లో సాంటియాగో వీధుల్లోకి పది లక్షల మంది వచ్చినప్పుడు పాడింది ఏది? 1971లో వియత్నాం గురించి హారా కట్టిన పాట, శాంతిగా బతికే హక్కు మీద కట్టిన పాట. వందల గిటార్లతో ఒక్కసారిగా వాయించారు. హామీల రికార్డు పాటలు ఆ గుంపుల్లో వినపడినట్టు ఆమె ఎక్కడా చదవలేదు.

"లేదు," అంది.

"మరి!"

"ఆగు. నా వాదనకు అడ్డమొచ్చేది ఇంకోటి కూడా నేనే చెప్త, తర్వాత నువ్వు ఎత్తిపొడవకుండ." క్యూబా ముచ్చట ఎత్తుకుంది. అక్కడ పాటగాళ్ల ఉద్యమం 1972లో ప్రభుత్వం గుర్తించిన సంస్థగా మారింది. దాని పెద్ద గొంతు సిల్వియో రోద్రిగెస్ పదిహేనేళ్లు జాతీయ అసెంబ్లీ సభ్యుడు. ఆయనతో సమానమైన పాబ్లో మిలానెస్ 60లలో బలవంతపు పని శిబిరంలో గడిపినవాడు, చివరి కాలంలో ప్రభుత్వాన్ని బాహాటంగా తప్పుపట్టాడు. 'మాతృభూమి లేదా మరణం' అన్న పాత నినాదాన్ని 2021లో కొందరు గాయకులు తిరగేసి 'మాతృభూమి, బతుకు' అని పాట కట్టారు. ఆ ఏడాది జులైలో వీధుల్లోకి వచ్చిన జనం నోట అదే పాట. దాన్ని కట్టినవాళ్లలో ఒకడైన మైకెల్ ఒసోర్బోకు 2022లో తొమ్మిదేళ్ల జైలు శిక్ష పడింది.

"పాటతోని వచ్చిన సర్కారే పాటగాన్ని లోపలేసింది," అన్నాడు పెద్దాయన. ఆ మాటలో గెలిచిన సంబరం లేదు.

హోటల్లో రద్దీ పెరిగింది. షిఫ్ట్ దిగిన కుర్రాళ్లు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు. తెలుగు ఒకటి రెండు బల్లల దగ్గరే. మిగతాదంతా హిందీ, భోజ్‌పురి, ఒడియా.

ఆమె వాళ్ల వైపు చూస్తూ అంది. "చిన్నాయనా, నీ బాధ పాట గద్దె దగ్గరికి పోయిందని. నా బాధ వేరు. జూన్ 30 మీద పాటేది?"

ఆ రోజు పాశమైలారంలో, మందుబిళ్లల్లో కలిపే పొడి తయారుచేసే ఒక పరిశ్రమలో పేలుడు జరిగింది. యాభై మందికి పైగా కార్మికులు పోయారు. వారిలో ఎనిమిది మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, ఝార్ఖండ్ నుంచి వచ్చిన వాళ్లే ఎక్కువ. ఈ హోటల్‌కు పది కిలోమీటర్ల దూరం కూడా ఉండదు. నెల దాటింది. సంస్మరణ సభలో మూడు గంటల పాటలు పాడితే ఒక్కదాంట్లోనూ ఆ ఊరి పేరు రాలేదు.

పెద్దాయన జవాబు చెప్పలేదు.

"ఒక సంగతి చెప్త, విను." చిలీ ఉత్తరాన ఎడారి. నేలలో సురేకారం. దాన్ని తవ్వే కార్మికులకు డబ్బు ఇచ్చేవారు కాదు, టోకెన్లు ఇచ్చేవారు. అవి కంపెనీ దుకాణంలోనే చెల్లుతాయి. 1907 డిసెంబర్‌లో వాళ్లు సమ్మె చేసి ఎడారి దాటి ఇకీకే రేవుకు నడిచొచ్చారు. అడిగినవి పెద్ద కోరికలు కాదు. కూలి డబ్బుగా ఇవ్వండి. తూకం సరిగ్గా వేయండి. ఖనిజం ఉడికించే బానల్లో మనుషులు పడి ఉడికిపోతున్నారు, వాటి మీద ఇనప జాలీలు పెట్టండి.

"ఏమన్నవ్?" పెద్దాయన ముందుకు వంగాడు. "జాలీలా?"

"అవును. మరిగే బానల మీద జాలీలు."

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి కింద అరచెయ్యంత మచ్చ, కాలిన చర్మం ముడతపడి మెరుస్తోంది. "మా ఫౌండ్రీల కరిగిన ఇనుము పోసే గుంత చుట్టూ కమ్మీలు కట్టుమని ఆరేండ్లు కొట్లాడినం. ఇద్దరు పోయినంక కట్టిన్రు." చెయ్యి దించుకున్నాడు. "చెప్పు బిడ్డా, తర్వాత?"

తర్వాత డిసెంబర్ 21. కార్మికులు పెళ్లాం పిల్లలతో సాంతా మరియా బడిలో ఉన్నారు. వాళ్లలో పెరూ, బొలీవియా, అర్జెంటీనా నుంచి వలసొచ్చినవాళ్లు ఉన్నారు. వెళ్లిపొమ్మని వాళ్ల దేశాల కాన్సుల్లు చెప్పినా, చిలీ వాళ్లను వదిలి కదలలేదంటారు. జనరల్ సిల్వా రెనార్డ్ మెషిన్‌గన్లు పేల్చమన్నాడు. చచ్చినవాళ్లు నూట చిల్లర అని ప్రభుత్వం లెక్క చెప్పింది. బడి పుస్తకాల్లో ఆ రోజుకు దాదాపు చోటే లేకుండా పోయింది.

"లూయిస్ అద్విస్ అనే సంగీతకారుడు దీన్ని పాటల వరసగా కట్టిండు. ఆయన పుట్టింది ఇకీకేలోనే. 1970లో కిలపాయున్ బృందం పాడింది. అరవై మూడేండ్ల తర్వాత! ఆ పాట వచ్చినంకనే దేశమంతటికీ ఆ బడి పేరు తెలిసింది. అయితే పాటలో చచ్చినోళ్లు 3,600 మంది. సర్కారు లెక్క నూట చిల్లర. అసలు లెక్క నడుమ ఎక్కడున్నదో మా చరిత్రకారులు ఇప్పటికీ తేల్చలేదు."

"పాట ఎక్కువ చెప్పిందంటవా?"

"చెప్పి ఉండొచ్చు. అందుకే నేను పాటను సాక్షిగ నమ్మను. చేతులు నరికిన్రని అంటది. మూడువేల ఆరువందలంటది. హంతకుని లాయర్‌కు అట్లాంటి ఒక్క తప్పు దొరికితే చాలు."

"సర్కారు లెక్కను నమ్ముతవా?"

"దాన్నీ నమ్మను."

"మరి ఆ అరవై మూడేండ్లు మీ చరిత్రోళ్లు ఏం చేసిన్రు?" ఇందాకటి కోపం ఇప్పుడు ఇటు తిరిగింది. "ఈ డప్పు మాదిగ వాడది. సావుకు కొట్టమన్నరు, సాటింపుకు కొట్టమన్నరు. జననాట్యమండలి దీన్ని స్టేజీ మీదికి తెచ్చేదాంక మా బతుకు ఏ పుస్తకంల రాసిన్రు? బండి యాదగిరి దొర మీద పాట కట్టిండు గనుకనే ఆ దొర సంగతి నా అసొంటోనికి ఎర్కయింది. సుద్దాల హనుమంతు పల్లెటూరి పిల్లగాని మీద పాట కట్టిండు గనుకనే జీతమున్న పిలగాండ్లున్నరని లోకానికి ఎర్కయింది. కాయితం మా దగ్గర లేదు బిడ్డా. ఉన్నదొక్క పాటనే."

"ఒప్పుకుంట," అంది ఆమె. "చిలీలో సైన్యం కూడా అందుకే వాయిద్యాల మీద పడ్డది. కేనా అని వెదురు పిల్లనగ్రోవి, చరాంగో అని చిన్న తంత్రి వాద్యం. కొండల్లో ఆదివాసులు వాయించేవి. వాటిని వాయించొద్దని పాటగాళ్లను పిలిచి హెచ్చరించిన్రు. పాటలో మాటే లేకున్నా ఆ చప్పుడు వింటే జనానికి హారా గుర్తొస్తడని. అయినా సరే చిన్నాయనా, జూన్ 30 మీద పాట కట్టేటోడు ఎవరైనా, లెక్క తప్పొద్దు. ఒక్క మనిషి ఎక్కువ కావద్దు, ఒక్క మనిషి తక్కువ కావద్దు. పరిహారం కోసం ఆ ఇండ్లోళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నరు. పాట తప్పు చెప్తే వాళ్లకే నష్టం."

ఆయన చాలాసేపు డప్పు అంచును బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. రోడ్డు మీద ట్రాఫిక్ కదిలింది.

"లెక్క వద్దు. పేర్లు పాడుత," అన్నాడు చివరికి. "పేర్లయితే తప్పు పోదు. నీ దగ్గరున్నయా?"

ఉన్నాయి. పేపర్లలో వచ్చినవన్నీ నోట్‌బుక్‌లో ఎక్కించుకుంది, రాష్ట్రం, జిల్లా, వయసుతో సహా. ముద్రణలో తేడాలున్న చోట ఎర్ర పెన్నుతో గీత పెట్టింది. ఆయన కళ్లజోడు తగిలించుకుని ఒక్కో పేరూ గొణుగుతూ, బల్ల మీద వేలితో దరువు పట్టాడు. తెలుగు పేర్లు పడ్డాయి. బిహార్ పేర్లు కొంచెం కష్టపడి పడ్డాయి. ఒక ఒడియా పేరు దగ్గర వేలు ఆగిపోయింది. రెండుసార్లు చూశాడు, దరువు తెగుతోంది.

గ్లాసులు ఎత్తుతున్న కుర్రాడిని ఆమె హిందీలో అడిగింది, ఏ ఊరని. గంజాం జిల్లా అన్నాడు. ఆ పేరు చదివి వినిపించింది. కుర్రాడు గ్లాసులు బల్ల మీద పెట్టి తల అడ్డంగా ఊపాడు. మీరు చివరి అక్షరం మింగేస్తున్నారు, మా దగ్గర దాన్ని కూడా పూర్తిగా పలుకుతాం అన్నాడు. పలికి చూపించాడు.

పెద్దాయన అతను పలికినట్టే పలికి మళ్లీ దరువు వేశాడు. ఆ చివరి అక్షరంతో పేరు సరిగ్గా వరసలో కూర్చుంది. సంచిలోంచి సిర్ర తీసి, ఆ కుర్రాడిని పక్కన కూర్చోమన్నాడు.

"ఇంకో పేరు చదువు బిడ్డా."